సగం తంబాకు బీడీలు

నా చిన్నప్పుడు మా తాత తాటిచెట్ల ఎత్తును బీడీలతో కొలిచేవాడు. పొట్టిదైతే ఒక బీడీ చెట్టు, కాస్త పొడుగుదైతే రెండు బీడీల చెట్టు. రాయికల్ రోడ్డు పక్కన ఒకటి ఉండేది, దాన్ని మూడు బీడీల చెట్టు అనేవాడు. ఎక్కే ముందు చెట్టు మొదట్లో కూర్చుని లెక్కప్రకారం అన్ని బీడీలూ తాగితే తప్ప ఛాతీ తెరుచుకోదని, దమ్ము రాదని ఆయన గట్టి నమ్మకం. మా తాత కల్లు గీసేవాడు. మోకుతాడు నడుముకు బిగించి, కత్తులు పెట్టుకుని, కల్లు పట్టే లొట్టి తగిలించుకుని చెట్టెక్కడం పదిహేనేళ్ళ వయసునుంచి ఆయన చేసిన పని.

మా నాయిన కూడా అదే పని చేసేవాడు. నాకు ఐదేళ్ళున్నప్పుడు చెట్టు మీదినుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో ముగ్గురం మిగిలాం. తాత, మా అవ్వ, నేను. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. అరవై దాటిన మనిషి తన చెట్లతోపాటు కొడుకు చెట్లు కూడా గీయడం మొదలుపెట్టాడు. అవ్వ బీడీలు చేసేది. కంపెనీవాళ్ళు చుట్టడానికి తునికాకు, లోపల పోయడానికి తంబాకు తూచి ఇచ్చేవాళ్ళు. అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటే పొద్దు గూకేదాకా ఆ వేళ్ళు ఆగేవి కావు. కంపెనీలో బీడీలు చూసి ఏరే మనిషి అందరి కట్టల్లోంచీ బాగాలేనివి తీసి పక్కన పారేసేవాడు గానీ, మా అవ్వ కట్టను ఊరికే చేత్తో తిప్పి లోపల పెట్టుకునేవాడు. చెయ్యి అంత మంచిది. మిగిలిన తంబాకు పొడితో తాతకు వేరే బీడీలు చేసి పెట్టేది.

పొగ గురించి మా తాతకు తెలియని సంగతి లేదు, అన్నీ తప్పులే. పొద్దున్నే బీడీ తాగకపోతే కడుపు కదలదనేవాడు. దగ్గొస్తే బీడీ వెలిగించేవాడు, తెమడ తెగుతుందని. బీడీ ఆకుతో చేసింది కాబట్టి ఏమీ కాదనేవాడు. ఒకవేళ ఏదైనా మురికి లోపల పేరుకుంటే కల్లు తాగినప్పుడు కడుక్కుపోతుందనేవాడు. ఇవన్నీ నాకు కూడా నేర్పాడు. నేను బుద్ధిగా నేర్చుకుని బడిలో పక్కపిల్లలకు చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని లేచిన గొడవలో బడులు బంద్ అయ్యాయి. నాకు పదేళ్ళు. బడి లేదంటే ఏ పిల్లకు సంతోషం కాదు! రెండు రోజులు ఎగిరి గంతులేశాను. మూడో రోజు అవ్వ నా చేతిలో కత్తెర పెట్టి ఆకు కత్తిరించమంది. పొద్దున మాత్రం తాత వెంట చెట్లదాకా పోయేదాన్ని. అలా వెంట పోవడంవల్లే నాకు ఒక సంగతి తెలిసింది. తాత చెట్టు నడిమిట్ల ఆగుతున్నాడు. ఇదివరకు ఒక్క ఊపులో పైకి పోయే మనిషి, సగం ఎక్కి, మోకు మీద వెనక్కి ఆనుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఆ చప్పుడు కిందున్న నాకు వినిపించేది. దిగిన తర్వాత అడిగితే, "ఇయ్యాల బీడీ ఒకటి తక్కువైంది బిడ్డా, గంతే" అనేవాడు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ చేతిలో బీడీ అట్లాగే ఉండిపోయింది. మా నాయిన పడిన రోజు ఆమెకు గుర్తొచ్చిందని నాకప్పుడు తెలియదు. తాత మానేస్తే బాగుండునని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. కానీ చెప్పేదెట్లా? ఆ కాలంలో కోడలు మామ ముందర నిలబడి మాట్లాడేది కాదు. మా ఇంట్లో వాళ్ళిద్దరి మధ్య మాటలన్నీ నా నోటినుంచే పోయేవి. "తాతను బువ్వకు రమ్మను" అని అవ్వ లోపల్నుంచి అంటే, తాతకు వినబడినా సరే, నేను వెళ్ళి మళ్ళీ చెప్పాలి. అప్పుడే లేచేవాడు.

ఆ రోజునుంచి అవ్వ ఒక ఉపాయం చేసింది. తాతకు చేసే బీడీల్లో తంబాకు తగ్గించింది. చిటికెడు తీసేసి, ఆ జాగాలో ఎండిన తునికాకు నలిపి పోసేది. పైకి చూస్తే ఏ తేడా లేదు, అదే పొడుగు, అదే లావు, అదే దారం ముడి. వారం తిరిగేసరికి సగం తంబాకు, సగం ఆకు. చాటలో ఒక మూలకు ఆ బీడీలను వేరుగా పోసేది. నేను చూడనే చూశాను. "తాతకు చెప్పినవనుకో, నాలుక కోసి చేతుల పెడ్త" అంది. "సగం తగ్గితే సగం బాగైతది గదా బిడ్డా. నెలకో రెన్నెల్లకో అంతా ఆకే పోస్త. తెల్వకుండనే అలవాటు పోతది."

నాకు అది భలే తెలివిగా అనిపించింది. మా అవ్వంత తెలివిగలది ఊర్లో లేదనుకున్నాను. తాతను చూసి లోపల లోపల నవ్వుకునేదాన్ని.

కానీ కొద్ది రోజుల్లోనే నా నవ్వు పోయింది. రెండు రోజులొచ్చే కట్ట ఒక్కరోజుకే అయిపోతోంది. ఒకటి తాగి పారేసి, దాని నిప్పుతోనే ఇంకొకటి వెలిగిస్తున్నాడు. ఇదివరకు బీడీ వేళ్ళ మధ్య పెట్టుకుని తీరిగ్గా కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు బుగ్గలు లోపలికి పోయేటట్టు గుంజుతున్నాడు, పొగను ఎంతోసేపు లోపలే పట్టి ఉంచుతున్నాడు. ఒక బీడీ చెట్టు మూడు బీడీల చెట్టయింది. మూడు బీడీల చెట్టు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. దగ్గు పెరిగింది. నేను అవ్వకు చెప్తే, తంబాకు ఇంకా కొంచెం తగ్గించింది. దాంతో తాత ఇంకో నాలుగు ఎక్కువ తాగాడు. ఇంత జరుగుతున్నా ఆయన బీడీలు బాగాలేవని ఒక్క మాట అనలేదు. అదే నాకు వింతగా ఉండేది, ఎందుకంటే కూరలో ఉప్పు తగ్గితే ఊరంతా వినబడేటట్టు అరిచే మనిషి ఆయన.

ఒకరోజు పొద్దున రోడ్డు పక్కనున్న ఆ పొడుగు చెట్టెక్కాడు. కింద కూర్చుని ఎన్ని తాగాడో నేను లెక్కపెట్టడం మానేశాను. సగానికి పైన ఆగాడు. ఆగడం అలవాటే కదా అని నేను కింద తాటికాయ ముచ్చికలతో ఆడుకుంటున్నాను. చాలాసేపయింది. పైకి చూస్తే తాత చెట్టును కరుచుకుని ఉన్నాడు. తల చెట్టుకు ఆనించి ఉంది. "తాతా" అన్నాను. పలకలేదు. గట్టిగా అరిచాను. చెయ్యి మాత్రం కొంచెం కదిలింది. పైకి పోలేడు, కిందికి రాలేడు, మాట్లాడడానికి గాలి లేదు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఊరేగింపు వస్తోంది. కాలేజీ పిల్లలు, వాళ్ళ వెనక రైతులు, కూలీలు, జై తెలంగాణ అని నినాదాలు ఇచ్చుకుంటూ రాయికల్ వైపు పోతున్నారు. నేను ఎంత మొత్తుకున్నా నా గొంతు ఆ కేకల్లో కలిసిపోయింది. ఇక లాభం లేదని పరుగెత్తి, వాళ్ళకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. ముందున్న అతను ఏంది పిల్లా అని కసురుకున్నాడు. నేను వేలెత్తి చెట్టు చూపించాను.

అంతమంది తలలు పైకెత్తారు. నినాదాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అంత గుంపు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వెనకనుంచి ఒకాయన గుంపును తోసుకుంటూ వచ్చాడు. కోరుట్ల దగ్గరి ఊరివాడు, ఆయనా కల్లు గీసేవాడే. పక్కచెట్టు గీసే మనిషి మోకు అక్కడే ఉంటే తీసుకుని, అంగీ విప్పి పారేసి చెట్టెక్కాడు. తాత కాళ్ళ కిందికి చేరి, ఒక్కొక్క పాదాన్ని చేత్తో పట్టుకుని ఒక్కొక్క అడుగే దింపుతూ, "మెల్లగ పెద్దయ్యా, నేనున్న, మెల్లగ" అంటున్నాడు. వాళ్ళిద్దరి కాళ్ళు నేలను తాకినప్పుడు గుంపంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. తాత పెదాలు నల్లబడి ఉన్నాయి. నన్ను దగ్గరికి తీసుకుని తల మీద చెయ్యి పెట్టాడు.

గొడవలవల్ల బస్సులు లేవు. ఆ కోరుట్ల ఆయనే ఒక ఎడ్లబండి మాట్లాడి, అవ్వను ఇంటినుంచి పిలిపించి, మా ముగ్గుర్నీ జగిత్యాలకు తీసుకుపోయాడు. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడొక డాక్టర్ ఉండేవాడు, నెత్తి నెరిసిన మనిషి, ముసలివాళ్ళతో వేళాకోళంగా మాట్లాడేవాడు. తాత వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఎన్ని బీడీలు తాగుతావని అడిగితే తాత నా వైపు చూశాడు. రోజుకో కట్ట అని నేను చెప్పాను. డాక్టర్ కనుబొమ్మలు పైకి లేచాయి.

ఇక ఇవాళ్టితో బీడీ బంద్ అన్నాడు డాక్టర్. మా తాత ఊరుకుంటాడా! అప్పటికి కొంచెం గాలి ఆడుతోంది కాబట్టి తన శాస్త్రమంతా విప్పాడు.

"బీడీ తాగితేనే దమ్మొస్తది సారూ. లేకుంటే చెట్టెక్కరాదు."

"దమ్ము వచ్చినట్టు అనిపిస్తది పెద్దమనిషీ. పొగ లేక పాణం గుంజుతాంటది, తాగంగనే జర నిమ్మలమైతది. గంతే. నీ దమ్మును తినేదే గది."

ఆకే కదా అని తాత అంటే, ఏది కాలినా పొగే, మీ పొయ్యి వెనక గోడ చూసుకో, కట్టె కాలితేనే అంత నల్లగయింది, నీ ఛాతీ లోపల అదే గోడ ఉంది అన్నాడు డాక్టర్. కల్లు కడుగుతుందంటే, కల్లు కడుపులోకి పోతుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ దారి వేరు, ఈ దారి వేరు అన్నాడు. చివరికి మా తాత గొంతు తగ్గించి, "పోనీ సిగరెట్టన్న తాగనా? దొరలు తాగుతరు గదా" అని అడిగాడు. డాక్టర్ పకపకా నవ్వి, "తెల్లంగి తొడిగిన బీడీ గది" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. తాతకు మాత్రం రాలేదు. నలభై ఏళ్ళపైనే తాగినవాడిని, చెడేదేదో చెడనే చెడింది, ఇప్పుడు మానితే ఏమొస్తుంది అన్నాడు నీరసంగా. ఎప్పుడు మానినా లోపల మిగిలిందాన్ని కాపాడుకున్నట్టే, మానకపోతే మిగిలింది కూడా పోతుందని డాక్టర్ చెప్పాడు.

మా అవ్వ తలుపు పక్కన, కొంగు నెత్తిమీదికి లాక్కుని నిలబడి ఉంది. నా చెవిలో చెప్తుంది, నేను గట్టిగా చెప్పాలి అనుకుని దగ్గరికి పోయాను. ఆమె నన్ను పక్కకు జరిపింది. ముందుకొచ్చి, తాత ఎదుటే నిలబడి తనే మాట్లాడింది.

"తప్పు నాది సారూ. మూడు వారాలసంది సగం తంబాకే పోస్తున్న. తక్కువ చేస్తే బాగైతడనుకున్న. ఇంత పని జేస్తదనుకోలే."

డాక్టర్ ఆమెను తిట్టలేదు. చాలామంది చేసే పొరపాటే అమ్మా అన్నాడు. ఒంటికి ఎంత తంబాకు అలవాటైందో అంత దొరికేదాకా మనిషి గుంజుతూనే ఉంటాడు. నువ్వు సగం చేశావు, ఆయన రెండింతలు తాగి, రెండింతలు లోపలికి గుంజాడు, పైగా ఆ ఆకు పొగ అదనం అని విడమరిచి చెప్పాడు. తక్కువ ఘాటున్న పొగ మంచిదనుకోవడం కూడా మనల్ని మనం మోసం చేసుకోవడమే అన్నాడు.

నేను తాత మొహం చూడడానికి భయపడ్డాను. ఆయన కోపం నాకు తెలుసు. అవ్వ తల దించుకుని నిలబడింది. తాత ఆమె వైపు తిరిగాడు.

"నేనేమో నీ చేతి పని పడిపోయిందనుకున్న బిడ్డా," అన్నాడు. "కొడుకు పోయినంక నీ పాణం బాగుంటలేదేమో, కండ్లు ఆనుతలేవేమో అనుకున్న. రేపు కంపెనీవాడు నీ బీడీలు వద్దంటే ఎట్లనని రాత్రిపూట నిద్ర పట్టలే. బాగలేవంటే నువ్వు బాధపడ్తవని, నోరు మూసుకోని తాగిన."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అప్పుడు తాతతోనే అంది. "మానెయ్ మామా. నాకు ఆయన లేడు. నువ్వన్న గావాలె." పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన తర్వాత ఆమె మామతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

మా తాత ధోతి మడతలోంచి బీడీ కట్ట తీశాడు. డాక్టర్‌కు ఇస్తాడనుకున్నాను. కోడలి చేతిలో పెట్టాడు.

మానడం అంత సులువుగా అయిందని చెప్తే అబద్ధమవుతుంది. మొదటి వారం ఆయన్ను భరించడం మా తరం కాలేదు. కోడి అరిచినా కోపమే, నేను నవ్వినా కోపమే. పొద్దున కడుపు కదలడానికి గోరువెచ్చని నీళ్ళు తాగమన్నాడు డాక్టర్. అది పనిచేసిందని ఒప్పుకోవడానికి ఆయనకు నామోషీ. రెండో వారం దగ్గు ఇంకా ఎక్కువైంది. పక్కింటి పెద్దమ్మ వచ్చి, "చూసినవా, బీడీ మానిపిచ్చి మనిషిని సంపుతున్నరు, ఒక్కటియ్యరాదే" అంది. మాకు నిజంగానే భయమేసింది. కానీ డాక్టర్ ముందే చెప్పి పంపాడు. గోడ గీకితే మసి రాలినట్టు కొన్ని రోజులు దగ్గు పెరగొచ్చు, బెదరొద్దు, నెత్తురు పడినా ఊపిరి ఆడకపోయినా మాత్రం వెంటనే రండి అని. ఆ మాట పట్టుకుని గట్టిగా నిలబడ్డాం. ఒకరోజు సంతలో ఎవరో ఇస్తే తాత ఒకటి తాగాడు. దాచలేదు. ఇంటికొచ్చి గడపలో నిలబడి, "ఒకటి తాగిన కోడలా" అన్నాడు. "అయితే ఏమాయె, రేపు తాగకు" అంది అవ్వ. అంతే.

తాత చెట్లను ఆ కోరుట్ల ఆయన కొన్నాళ్ళు గీసి పెట్టాడు. దగ్గు మెల్లగా తగ్గింది. ఒక మధ్యాహ్నం తాత పప్పు నోట్లో పెట్టుకుని గట్టిగా అరిచాడు. "గింత ఉప్పేంది? సముద్రం తెచ్చి పోసినవా?" ఉప్పు చాలట్లేదని ఏళ్ళ తరబడి పోట్లాడిన మనిషి! ఆయన నోటికి రుచి తిరిగొచ్చిందని అర్థమై అవ్వ, నేను కడుపు పట్టుకుని నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో తెలియక తాత ఇంకా అరిచాడు. వానలు పడి నాట్లు అయ్యాక ఒక పొద్దున మళ్ళీ మోకు నడుముకు కట్టాడు. పొడుగు చెట్ల జోలికి పోవద్దన్న షరతు మీద అవ్వ ఒప్పుకుంది. చిన్న చెట్టే, కానీ ఎక్కడా ఆగకుండా ఎక్కి దిగాడు. కింద మా అవ్వ ఎప్పుడొచ్చి నిలబడిందో నాకు తెలియదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ లొట్టి అందుకుంది.

అవ్వ బీడీలు చేయడం మాత్రం మానలేదు. మానితే మాకు తిండి ఎక్కడిది? కానీ ఆ తర్వాత కట్ట కట్టేటప్పుడల్లా, "ఇది ఎవరి తాత తాగుతడో" అని గొణుక్కునేది. ఆ బాధ ఆమెకు చివరిదాకా ఉంది, నేను దాన్ని కప్పిపుచ్చను. మా తాత ఇంకో పదకొండేళ్ళు బతికాడు, నా పెళ్ళి చూశాడు, నా కొడుకును ఎత్తుకున్నాడు.

ఆ రోజు జగిత్యాలలో నేర్చుకున్నదాన్ని ఇప్పటికీ వదల్లేదు. మనవాళ్ళు మనకు కావాలంటే వాళ్ళ వెనక ఉపాయాలు పన్నకూడదు, ఎదురుగా కూర్చుని అడగాలి. పెళ్ళయిన రెండో నెలలోనే పొగ మానమని మా ఆయన్ను అట్లాగే అడిగాను. మానడానికి రెండేళ్ళు పట్టింది, నాలుగుసార్లు మళ్ళీ మొదలుపెట్టాడు, ఐదోసారి వదిలేశాడు. ఇప్పుడు మా వీధిలో కుర్రాళ్ళు రోజుకు రెండు సిగరెట్లే కదా, ఫిల్టర్ ఉంది కదా అంటుంటే ఆగి కూర్చుని మాట్లాడతాను. కొందరు వింటారు. కొందరు ఈ ముసల్దానికేం పని అని విసుక్కుంటారు. విసుక్కోనీ, కోపం వస్తే రానీ. మనిషంటూ ఉంటేనే కదా, నా మీద కోపమైనా తెచ్చుకునేది.